హ్యాండిల్ 'టక్ టక్' అంటుంటే రోడ్డుని తిట్టి ఊరుకోవద్దు



ఈసారి పోడు పట్టాల గురించి కాదు, స్కాలర్‌షిప్ బకాయిల గురించి కూడా కాదు. సైకిల్ గురించి రాస్తున్నాం. అదీ మొత్తం సైకిల్ కాదు, హ్యాండిల్ కింద ఫోర్కు కప్పుల్లో ఉండే చిన్న చిన్న ఇనుప గోళీల గురించి. ఇది కూడా ఒక పోస్టేనా అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, చదవడం మాత్రం ఆపకండి.

మన ఏజెన్సీలో హైస్కూలు అంటే ముందు దూరం, ఆ తర్వాతే చదువు. 2009 విద్యాహక్కు చట్టం నిబంధనల్లో ఐదో తరగతి వరకు 1 కిలోమీటరులో, ఎనిమిదో తరగతి వరకు 3 కిలోమీటర్లలో బడి ఉండాలని రాశారు. ఆ చట్టం 14 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. తొమ్మిదో తరగతిలో చేరే పిల్ల ఆ లెక్కలోకి రాదు. సరిగ్గా అక్కడే సైకిల్ అవసరం మొదలవుతుంది. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులివ్వడం మొదలుపెట్టారు. తర్వాత కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తీస్తే హైస్కూల్లో చేరే ఆడపిల్లలు సుమారు 30 శాతం పెరిగారని తేలింది. ఎక్కువ లాభం ఎక్కడ కనిపించిందంటే, బడి 3 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న ఊళ్లలో. అంటే మన ఊళ్లలాంటి ఊళ్లలో.

మన దగ్గరా ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. సంతోషం. ఇచ్చిన రోజు ఫోటోలు తీశారు, ఎన్ని ఇచ్చారో లెక్క రాశారు. మా బాధ ఆ తర్వాతి సంగతి. రెండో వానాకాలం దాటాక ఆ సైకిళ్లలో ఎన్ని నడుస్తున్నాయో ఎవరూ లెక్క రాయరు. ఊళ్లో తిరిగి చూడండి. ఇంటి వెనక చూరు కింద ఒకటి, పశువుల పాక గోడకి ఆనించి ఒకటి. కొన్ని ట్యూబు పోయి మూలకి చేరినవే. కానీ మేము చూసినవాటిలో చాలా సైకిళ్లకు టైరు బాగానే ఉంది, చైను బాగానే ఉంది. 'హ్యాండిల్ పట్టేసింది, భయమేస్తోంది' అని ఆపేసినవి అవి.

పోయిన వానాకాలం మా మండలంలో తొమ్మిదో తరగతి చెల్లి ఒకామె దిగుడు దారిలో మలుపు దగ్గర పడిపోయింది. మోచెయ్యి విరిగింది. ఊళ్లో అందరూ ఒకటే మాట: 'ఆడపిల్లకి సైకిల్ ఎందుకు, హాస్టల్లో పడెయ్యండి.' సైకిల్‌ని చూసినవాళ్లు లేరు. మావాళ్లు వెళ్లి ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ తిప్పితే, నడిమధ్యలోకి రాగానే గాడిలో పడ్డట్టు ఆగిపోతోంది. గట్టిగా నెడితే గానీ అక్కడి నుంచి కదలదు. అడిగితే తెలిసింది. అంతకుముందు నెలలో హ్యాండిల్ దగ్గర టక్ టక్ అంటోందని సంతకి తీసుకెళ్తే, అక్కడ రిపేరు చేసేవాళ్లు పై నట్టు గట్టిగా బిగించి పంపేశారట. శబ్దం పోయింది. ఇంట్లోవాళ్లు బాగైపోయిందనుకున్నారు. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

ఎందుకో చెప్పాలంటే ఆ గోళీల పని కొంచెం అర్థం కావాలి. సైకిల్ ఫ్రేము ముందు భాగంలో నిలువుగా ఒక గొట్టం ఉంటుంది కదా, దాని లోపలి నుంచి ఫోర్కు కాడ పైకి వస్తుంది. ఆ గొట్టానికి పైన ఒక కప్పు, కింద ఒక కప్పు. రెండు కప్పుల్లోనూ వరసగా ఇనుప గోళీలు, వాటికి గ్రీజు. ఈ రెండు వరసల మీదే హ్యాండిల్ తిరుగుతుంది. షాపుల్లో దీన్ని కోన్ సెట్టు అనో, బాల్ రేసు అనో అంటారు. పైవరస కంటే కిందివరస మీద భారం ఎక్కువ. గుంతలో చక్రం పడ్డ ప్రతి దెబ్బా ఫోర్కు మీదుగా ముందు దానికే తగులుతుంది. పైగా ముందు చక్రం చిమ్మే బురద నీళ్లన్నీ సరిగ్గా కింది కప్పు సందు వైపే పోతాయి. గెడ్డ దాటి బడికి పోయే సైకిల్‌కి కింది కప్పు ముందు పోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి తెలియదు. చక్రం హబ్బులో గోళీలు గుండ్రంగా దొర్లుతూ ఉంటాయి, గ్రీజుని అంతటా పూసుకుంటూ పోతాయి. హ్యాండిల్ గోళీలకి ఆ అదృష్టం లేదు. మనం బండి నడిపేటప్పుడు హ్యాండిల్ ఎంత తిప్పుతాం? ఇటు కాస్త, అటు కాస్త. ఎక్కువసేపు నేరుగానే ఉంటుంది. గోళీ ఉన్నచోటే ఉండి వణుకుతూ ఉంటుంది. ఆ వణుకుకి కింద ఉన్న గ్రీజు పక్కకి పోతుంది, ఇనుము ఇనుముని రాసుకుంటుంది. కంకర రోడ్డు మీద రోజూ 6 కిలోమీటర్లు పోయి 6 కిలోమీటర్లు వస్తే కొన్నాళ్లకి ప్రతి గోళీ తన కింద చిన్న గుంట తవ్వుకుంటుంది. హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడు గోళీలన్నీ ఒకేసారి తమ తమ గుంటల్లో కూర్చుంటాయి. ఆ 'గాడిలో పడ్డట్టు' అనిపించేది ఇదే. పెద్ద దెబ్బ తగిలితేనే గుంటలు పడతాయని చాలామంది అంటారు. గ్రీజు ఎండిపోయి రోజూ వణికితే చాలు, దెబ్బ తగలక్కర్లేదు.

హ్యాండిల్ కాస్త గట్టిగా తిరిగితే నష్టమేంటి, చేతిలో బలముంది కదా అంటారు కొందరు అన్నలు. సైకిల్ పడిపోకుండా ఎలా నిలబడుతుందో గమనించండి. కుడివైపు ఒరిగితే మన చేతులు మనకి తెలియకుండానే హ్యాండిల్‌ని కుడివైపు కొంచెం తిప్పుతాయి, చక్రం ఒంటి కిందికి వచ్చి నిలబెడుతుంది. మళ్లీ ఎడమకి. బండి నడుస్తున్నంతసేపూ ఈ చిన్న చిన్న తిప్పుళ్లు జరుగుతూనే ఉంటాయి. హ్యాండిల్ మధ్యలో ఇరుక్కుంటే ఆ చిన్న తిప్పుడు రాదు. బలం పెడితే ఒక్కసారిగా గుంటలోంచి బయటికి దూకి, కావలసినదానికంటే ఎక్కువ తిరుగుతుంది. దిగుడులో, మలుపులో, వెనక క్యారేజి మీద చెల్లెలు కూర్చుని ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆ పిల్లకి సైకిల్ తొక్కడం రాక పడలేదు.

అందుకే మేము గట్టిగా చెప్పేది ఇదే: బిగించడం వేరు, బాగుచేయడం వేరు. అరిగిన కప్పుని బిగిస్తే శబ్దం దాక్కుంటుంది, రోగం ముదురుతుంది.

మరి రోగం ఉందో లేదో ఎలా చూడాలి. పానా అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. రెండో మనిషిని పిలిచి, ఫ్రేము గొట్టానికీ ఫోర్కుకీ మధ్య ఉన్న సందు మీద వేళ్లు పెట్టి చూడమనండి. ముందు కింద, తర్వాత పైన. ఊపినప్పుడల్లా వేలికి 'టక్' అని కదలిక తగిలితే కప్పులు వదులయ్యాయి. కడ్డీ బ్రేకు సైకిల్ అయితే ఈ పరీక్షని పూర్తిగా నమ్మొద్దు, ఎందుకంటే ఆ కడ్డీలే సగం శబ్దం చేస్తాయి. దానికి హ్యాండిల్‌ని పూర్తిగా పక్కకి తిప్పి, చక్రం అడ్డంగా పెట్టి, అప్పుడు ఫ్రేముని ముందుకీ వెనక్కీ ఊపండి. చక్రం దొర్లదు, బ్రేకు పట్టుకోవలసిన పని లేదు. వేళ్లు మాత్రం ఆ సందు మీదే ఉండాలి.

రెండో పరీక్షకి ఒకరు సీటు దగ్గర పట్టుకుని ముందు చక్రాన్ని నేల మీద నుంచి లేపాలి. హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా ఇటూ అటూ తిప్పండి. నీళ్లలో తెడ్డు తిరిగినట్టు తిరగాలి. ఫ్రేముని కొంచెం ఒరిగిస్తే చక్రం తనంతట తానే ఆ వైపు వాలాలి. ఇసుక నమిలినట్టు కరకరమంటే గ్రీజు పోయింది, మట్టి చేరింది. మధ్యలో ఆగితే గుంటలు పడ్డాయి. అంతటా ఒకేలా గట్టిగా ఉంటే ఎవరో ఎక్కువ బిగించారు.

కొన్ని వేరే జబ్బులు కూడా దీనిలాగే కనిపిస్తాయి, మోసపోకండి. ముందు చక్రాన్ని రిమ్ము దగ్గర పట్టుకుని పక్కలకి ఊపితే ఫోర్కు మధ్య చక్రం కొట్టుకుంటే, అది హబ్బు కోను వదులు. హ్యాండిల్ తిప్పితే చక్రం తిరగకుండా హ్యాండిలొక్కటే జారుతుంటే, హ్యాండిల్ కాడ మధ్యలో ఉన్న పొడుగు బోల్టు వదులు. రోడ్డు మీద వేగంగా పోతుంటే ముందు భాగం వణికితే రిమ్ము వంకర కూడా అయ్యుండొచ్చు. బుట్టలో, హ్యాండిల్‌కి బియ్యం సంచి తగిలించి 'హ్యాండిల్ లాగేస్తోంది' అంటే దానికి గోళీలేం చేస్తాయి పాపం.

వదులు మాత్రమే ఉండి, తిప్పితే నున్నగా తిరుగుతుంటే అదృష్టం. సర్దితే సరిపోతుంది. పైన ఉన్న లాక్ నట్టుని స్క్రూ పానాతో వదులు చేయాలి. దాని కింద మరలున్న పై కప్పుని కొంచెమే, గడియారం ముల్లు ఐదారు నిమిషాలు తిరిగినంతే, బిగించాలి. ఆ కప్పు కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించాలి. నట్టు బిగించేటప్పుడు కప్పు కూడా దానితో పాటు తిరిగిపోతుంది, అందరికీ కుదరనిది అక్కడే. రెండుమూడు సార్లు చేస్తే చేతికి వస్తుంది. మళ్లీ రెండు పరీక్షలూ చేయండి: టక్ మనకూడదు, గట్టిగానూ ఉండకూడదు. రెండూ ఒకేసారి కుదరకపోతే, అంటే వదిలితే టక్, బిగిస్తే ఇరుకు అయితే, ఇక సర్దుబాటు అయిపోయింది. విప్పాల్సిందే.

విప్పే ముందు కింద పాత దుప్పటి పరవండి. ఇది తమాషాకి చెప్పట్లేదు, గోళీలు దొర్లి గడ్డిలో పడితే ఆ రోజు పని ఆ రోజుకి ఆగినట్టే. బ్రేకు కడ్డీ లేదా వైరు విడదీయాలి. హ్యాండిల్ కాడలోని పొడుగు బోల్టుని మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్కటి కొడితే లోపలి ఆప్పు దిగిపోతుంది, హ్యాండిల్ పైకి వస్తుంది. చెక్క లేకుండా నేరుగా కొడితే బోల్టు తల పోతుంది. తర్వాత లాక్ నట్టు, వాషరు, పై కప్పు. ఈలోగా ఒకరు ఫోర్కుని కింద నుంచి పట్టుకునే ఉండాలి, లేదంటే మొత్తం జారి కిందపడుతుంది. పైవి ఎన్ని గోళీలు, కిందివి ఎన్ని అన్నది విడివిడిగా లెక్కపెట్టి రెండు మూతల్లో వేసుకోండి. పైవీ కిందివీ కలపొద్దు.

కడగడానికి కిరోసిన్ అంటారు పుస్తకాల్లో. ఇప్పుడు మన ఊళ్లలో కిరోసిన్ ఎక్కడ దొరుకుతోంది? ట్రాక్టర్ ఉన్న మామయ్యని అడిగి అర గ్లాసు డీజిల్ తెచ్చుకోండి, చాలు. అన్నీ కడిగి, గుడ్డతో తుడిచి, కప్పు లోపల ఎండ వెలుతురులో చూడండి. గోళీలు తిరిగిన బాట ఒకే మెరుపు గీతలా ఉంటే కప్పు బాగున్నట్టే. కొత్త గోళీలు, కొత్త గ్రీజు వేసి బిగించేయొచ్చు. వరసగా చుక్కలు చుక్కలుగా గుంటలు కనిపించినా, గోరు పెట్టి జరిపితే తగిలినా కప్పు పోయింది. అప్పుడు మొత్తం కోన్ సెట్టు మార్చడమే. దుకాణానికి పాత సెట్టు, రెండు పాత గోళీలు పట్టుకుపోండి, అదే సైజు అడగండి. గోళీల సైజు, మరల చుట్లు సైకిల్‌ని బట్టి మారతాయి, నోటితో చెబితే తేడా వస్తుంది. ఫ్రేములోకి దిగగొట్టే కప్పులు రెండూ వంకర లేకుండా తిన్నగా కూర్చోవాలి. అది చేతనైన మెకానిక్ చేత పెట్టించడమే మంచిది, ఆ ఒక్క పనికి డబ్బులిస్తే తప్పు లేదు. కొత్త కప్పు వంకరగా దిగితే హ్యాండిల్ ఒకచోట వదులు, ఒకచోట బిర్రు అవుతుంది, మొదటికే వస్తుంది.

మళ్లీ పెట్టేటప్పుడు కప్పుల నిండా గ్రీజు పూయండి, పిసినారితనం వద్దు. వంటనూనె, కొబ్బరినూనె అస్సలు వద్దు. నూనె కారిపోతుంది, మట్టిని పట్టుకుంటుంది. గోళీలు గ్రీజులో అంటుకుని నిలబడతాయి. వరస నిండా ఇరికించకుండా ఒక్క గోళీ పట్టేంత సందు ఉంచాలి, లేకపోతే ఒకదాన్నొకటి రాసుకుంటాయి. హ్యాండిల్ కాడ మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత ఫ్రేము లోపలికి పోవాలి. పొడుగు పిల్లలు ఎత్తు కోసం గీత పైకి లాగి బిగిస్తున్నారు. కాడ విరిగితే చేతిలో హ్యాండిల్ మాత్రమే మిగులుతుంది.

ఇక అసలు గొడవకి వస్తాం. ఈ సంగతి మొదట మన సీనియర్ల మధ్య మాట్లాడినప్పుడు ఒక అన్న బాగా కోప్పడ్డాడు. 'మన పిల్లలు డాక్టర్లు, గ్రూప్స్ ఆఫీసర్లు కావాలని మనం కొట్లాడుతుంటే, మీరు పానా పట్టమంటారా? పట్నం పిల్లలకి కోడింగ్, మనవాళ్లకి పంచర్లా?' అన్నాడు. ఆ కోపంలో నిజం ఉంది. ఆదివాసీ పిల్లాడు అనగానే ఏదో ఒక చేతిపని నేర్పించి పంపేద్దాం అనే చూపు మనం చాలాచోట్ల చూశాం, భరించాం. ఆ చూపుని మేమూ ఒప్పుకోం. కానీ అన్నా, ఆ పిల్ల పదో తరగతి పరీక్ష రాయాలంటే ముందు బడికి పోవాలి కదా. పట్నం పిల్లకి సైకిల్ పాడైతే వీధి చివర షాపు ఉంది, లేదంటే నాన్న బండి ఉంది. మన పిల్లకి సంత రోజు దాకా ఆగాలి, సంతలో చేసింది సరైన పనో కాదో తెలియాలి. ఫోర్కు కప్పుల్లో ఏముందో తెలిసిన పిల్ల 'బిగించొద్దు, విప్పి చూపించు' అని అడగగలదు. ఆ అడగడం కోసమే మేము నేర్పమంటున్నాం, మెకానిక్‌ని చేయడానికి కాదు. ఆ గుంటలు ఎందుకు పడ్డాయి అని ఆలోచిస్తే అది ఫిజిక్సే, ఘర్షణ పాఠం. పుస్తకంలో ఉన్నదాన్ని చేత్తో ముట్టుకోవడం తప్పెలా అవుతుంది.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది: 'ఇది ప్రభుత్వం చూసుకోవాలి, మనమెందుకు.' చూసుకోవాలి, నిజమే. సైకిల్ ఇచ్చేటప్పుడే పానా, గ్రీజు, ఒక కోన్ సెట్టు ఇవ్వాలని, ఏడాదికి రెండుసార్లు బడి దగ్గరికే మెకానిక్ రావాలని మనం వినతిపత్రం రాయాలి. ఐటీడీఏకి రాద్దాం, మండలానికీ రాద్దాం. కొండ దారికి వాడే సైకిల్‌నీ తారు రోడ్డుకి వాడే సైకిల్‌నీ ఒకే లెక్కన చూడొద్దని కూడా అందులో రాద్దాం. కానీ ఆ కాగితం టేబుళ్లు దాటేలోపు ఇంకో వానాకాలం వస్తుంది. రెండు పనులూ ఒకేసారి చేయొచ్చు, ఒకటి చేస్తే రెండోది మానెయ్యాలని ఎక్కడా లేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ప్రత్యేకంగా ఒక విన్నపం. అమ్మా, నాన్నా, పిల్ల పడిందంటే ముందు సైకిల్ చూడండి, తర్వాత పిల్లని తిట్టండి. మీకు చూడటం రాకపోతే ఊళ్లో చదువుకునే పిల్లల్ని పిలవండి, వస్తారు. అన్నదమ్ములకి ఇంకో మాట: చెల్లి సైకిల్ మీరు బాగుచేసి ఇచ్చేయకండి. పక్కన కూర్చోబెట్టి ఆమె చేతికే పానా ఇవ్వండి. గ్రీజు మరక సబ్బుతో పోతుంది.

దసరా సెలవుల్లో ఇళ్లకి వచ్చేవాళ్లు, ప్రతి ఊరికి ఇద్దరు చొప్పున పేర్లు చెప్పండి. అందులో ఒకరు అమ్మాయి అయి ఉండాలి. స్క్రూ పానా, సుత్తి, గ్రీజు డబ్బా మేము పట్టుకొస్తాం. మీరు పాత గుడ్డలు, దుప్పటి, కొంచెం డీజిల్, మూలపడిన సైకిళ్లు తీసుకురండి. మొదట పరీక్షలు రెండూ చేసి, సర్దితే సరిపోయేవి ఒక పక్క, విప్పాల్సినవి ఒక పక్క పెడదాం. కప్పులు పోయినవాటి పాత సెట్లు ఒక సంచిలో వేసుకుని, ఊరు పేరు రాసి కట్టి, ఒకేసారి టౌనుకి పోయి కొనుక్కొద్దాం. విడివిడిగా పోతే సెట్టు ధర కంటే ఆటో చార్జీ ఎక్కువవుతోంది.